నిద్ర మాత్రా, డిప్రెషన్ మాత్రా, కౌన్సెలింగా? మొదటి బిళ్ళ మింగే ముందే తేల్చుకోవాల్సిన విషయాలు

"నిద్ర పట్టట్లేదు, గుండె దడగా ఉంటోంది, చిన్నదానికీ ఏడుపొస్తోంది" అని డాక్టర్ దగ్గరికి వెళ్తే మన ఊళ్ళలో చాలాసార్లు ఐదు నిమిషాల్లో చీటీ చేతికొచ్చేస్తుంది. అందులో గ్యాస్ బిళ్ళ ఒకటి, విటమిన్ ఒకటి, రాత్రి పడుకునే ముందు వేసుకోమని ఒక చిన్న బిళ్ళ. ఆ చిన్న బిళ్ళ ఏంటో, ఎన్నాళ్ళు వాడాలో, ఎలా ఆపాలో వాళ్ళు చెప్పరు, మనం అడగం. పదిహేను రోజులకి రాసిన చీటీ మీద ఏళ్ళకేళ్ళు మింగేస్తుంటారు.

నేను మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే మనిషిని, డాక్టర్‌ని కాను. అందుకే ఎవరికి ఏ మందు అని ఇక్కడ చెప్పను. ఏ మందు ఏం చేస్తుంది, ఎంత తొందరగా పనిచేస్తుంది, ఎంత తేలిగ్గా వదులుతుంది, దాని బదులు ఇంకేం ఉన్నాయి అన్నది చెప్తాను. వీటిలో "ఎంత తేలిగ్గా వదులుతుంది" అన్న ప్రశ్న చాలామందికి ఆఖర్న గుర్తొస్తుంది. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మానసిక సమస్యలకి మందులే వద్దనే రకం రాత కాదిది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్, ఆందోళన లాంటి మామూలు మానసిక సమస్యలున్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి అసలు వైద్యమే అందట్లేదు. అంటే ఒకపక్క అవసరమున్నవాళ్ళకి మందు లేదు, ఇంకోపక్క రెండు వారాల అవసరానికి రాసిన మందు ఏళ్ళ తరబడి ఆగట్లేదు. లేని మాటలు వినిపించే స్కిజోఫ్రెనియా, అతి హుషారూ దిగులూ మార్చి మార్చి వచ్చే బైపోలార్, చచ్చిపోవాలనిపించేంత తీవ్రమైన డిప్రెషన్, వీటికి మందు తప్పనిసరి. ఆ కోవలో మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ రాత చదివి ఒక్క పూట కూడా మందు మానిపించొద్దు. క్లోనజెపాం లాంటివి ఫిట్స్ జబ్బుకి కూడా రాస్తారు, వాళ్ళ లెక్క కూడా వేరే.

మొదటి దారి: నిద్ర మాత్ర, టెన్షన్ మాత్ర

ఆల్ప్రజోలం, క్లోనజెపాం, ఎటిజోలం, లోరజెపాం, డయాజిపాం. పేర్లు వేరైనా ఒకే కుటుంబం, పనిచేసే తీరూ ఒకటే. మెదడుని శాంతపరిచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని ఇవి పెంచుతాయి. వేసుకున్న అరగంట, గంటలో దడ తగ్గుతుంది, కళ్ళు మూతలు పడతాయి. ఇంత చప్పున పనిచేసే మందు ఈ రంగంలో ఇంకోటి దాదాపు లేదు. అందుకే రాసేవాళ్ళకీ ఇష్టం, వాడేవాళ్ళకీ ఇష్టం.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. రోజూ బయటి నుంచి శాంతం వస్తుంటే మెదడు తన సొంత బ్రేకుని కొంచెం కొంచెంగా వదులు చేసేసుకుంటుంది. కొన్ని వారాలకే అదే బిళ్ళ మునుపటంత పనిచేయదు, మానేస్తే మాత్రం ముందున్న దానికంటే ఎక్కువ దడ, ఎక్కువ చెమటలు, అసలు నిద్ర లేకపోవడం. దాంతో "చూశావా, నాకు జబ్బు తగ్గలేదు, ఈ బిళ్ళ లేకపోతే నేను బతకలేను" అనిపిస్తుంది. నిజానికి ఆ రాత్రి వాళ్ళని బాధపెడుతున్నది పాత జబ్బు కాకపోవచ్చు, బిళ్ళ దిగిపోవడం కావచ్చు. బ్రిటన్‌లో మందుల భద్రత కమిటీ 1988లోనే ఈ బిళ్ళలు రెండు నుంచి నాలుగు వారాలకి మించి వాడొద్దని చెప్పింది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో వీటి పెట్టెల మీద అలవాటు పడటం గురించీ, ఉన్నట్టుండి ఆపితే వచ్చే ప్రమాదం గురించీ తన దగ్గరున్న హెచ్చరికల్లో అన్నిటికంటే పెద్దదాన్ని వేయించింది.

ఈ కుటుంబంలో బిళ్ళకీ బిళ్ళకీ తేడా ఉంది, ఎంచుకునేటప్పుడు అది పనికొస్తుంది. ఎటిజోలం ఒంట్లోంచి కొన్ని గంటల్లోనే దిగిపోతుంది, ఆల్ప్రజోలం సగానికి దిగడానికి సుమారు 11 గంటలు, క్లోనజెపాంకి 30 నుంచి 40 గంటలు, డయాజిపాం అయితే దాని అవశేషాలతో కలిపి రోజుల తరబడి ఉంటుంది. తొందరగా దిగే బిళ్ళతో పొద్దున మత్తు తక్కువ, కానీ రెండు మోతాదుల మధ్యలోనే మళ్ళీ ఆందోళన మొదలై చెయ్యి స్ట్రిప్ మీదకి పోతుంది. మానడం వీటితోనే ఎక్కువ కష్టం. నెమ్మదిగా దిగేవాటితో మానడం కాస్త సులువు, కానీ వయసు మళ్ళినవాళ్ళలో అవి ఒంట్లో పేరుకుపోతాయి. రాత్రి మూత్రానికి లేచినప్పుడు తూలి పడటం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు, వీటికి కారణాల్లో ఈ బిళ్ళలు ముందు వరసలో ఉంటాయి. ఇంట్లో అరవై ఐదు దాటిన అమ్మకో మామగారికో నిద్రకని ఇది రాస్తే, "వేరే మార్గం లేదా డాక్టర్ గారూ" అని గట్టిగానే అడగండి. అడగడం తప్పేం కాదు.

చట్టం ప్రకారం వీటిలో ఆల్ప్రజోలం, డయాజిపాం లాంటి కొన్నిటిని షెడ్యూల్ హెచ్1లో పెట్టారు. 2014 మార్చి 1 నుంచి అమలులో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, రాసిన డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, ఎన్ని ఇచ్చామన్నది విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. మరి కౌంటర్ దగ్గర జరిగేదేంటంటే, ఒకాయన వస్తాడు, చొక్కా జేబులోంచి మడతలు పడ్డ రేకు ముక్క ఒకటి తీసి బల్ల మీద పెడతాడు, దాని మీద మందు పేరులో సగమే ఉంటుంది, మిగతా సగం చించిన ముక్కతో పోయింది. "ఇదే, ఎప్పుడూ తీసుకెళ్ళేదే" అంటాడు. చీటీ అడిగితే కోపం, పక్క షాపులో ఇస్తారన్న బెదిరింపు. పక్క షాపులో నిజంగానే ఇస్తారు కూడా. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకి ఇది ఆపొచ్చని, ఆపడానికి ఒక పద్ధతి ఉందని చెప్పిన మనిషి ఒక్కరూ ఉండి ఉండరు.

తెలంగాణలో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం కలపడం ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్న సమస్య. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వణుకు, ఫిట్స్, పిచ్చిమాటలతో ఆస్పత్రులకి వచ్చారు. వాళ్ళలో చాలామందికి తాము రోజూ మింగుతున్నది నిద్ర మాత్రేనని తెలియదు. కాబట్టి రోజూ కల్లు తాగే మనిషికి నిద్ర పట్టట్లేదని ఎక్కడికి తీసుకెళ్ళినా ఆ సంగతి దాచకుండా చెప్పండి. దాని మీద ఇంకో ఆల్ప్రజోలం పడితే ఊపిరి మందగిస్తుంది. మద్యంతో ఈ బిళ్ళలు వేసుకున్నా అంతే, ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో కలిసినా అంతే, గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్ళకీ అంతే.

మరి ఈ బిళ్ళ ఎప్పుడూ వద్దా? వద్దనను. ఇంట్లో మనిషి పోయి నాలుగు రాత్రులు కన్ను మూతపడనప్పుడు, ప్యానిక్‌కి, అంటే ఉన్నట్టుండి దడ, భయం ముంచుకొచ్చే జబ్బుకి, అసలు మందు మొదలుపెట్టి అది పనిచేసేదాకా మధ్యలో రెండు మూడు వారాలు గడవడానికి, తాగుడు మాన్పించేటప్పుడు ఆస్పత్రిలో డాక్టర్ల కళ్ళముందు, ఇది నిజంగా మనిషిని ఆదుకుంటుంది. నేను పెట్టే షరతు ఒక్కటే, మొదలుపెట్టే రోజునే ఆపే తేదీ చీటీ మీద రాయించుకోండి.

జోల్పిడెం అని ఇంకో నిద్ర మాత్ర ఉంది, అది వేరే జాతి అంటారు, పూర్తిగా అబద్ధం కాదు, కానీ అది పనిచేసేదీ అదే తలుపు దగ్గర. మర్నాడు పొద్దుటి మత్తు ఆడవాళ్ళలో ఎక్కువని 2013లో అమెరికాలో వాళ్ళ మోతాదుని సగానికి తగ్గించి 5 మిల్లీగ్రాములు చేశారు. నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం, బండి నడపడం లాంటివి జరుగుతున్నాయని 2019లో పెద్ద హెచ్చరిక పెట్టారు. ఇది కూడా కొద్ది రోజులకే.

రెండో దారి: డిప్రెషన్ మాత్ర

ఎస్సిటాలోప్రాం, సెర్ట్రాలిన్, ఫ్లూఓక్సెటిన్, పారోక్సెటిన్. వీటిని మన వాళ్ళు నిద్ర మాత్రలతో కలిపి ఒకే గాటన కట్టేసి "పిచ్చి మందులు, మత్తు మందులు" అంటారు. పొరపాటు. ఇవి మత్తు ఇవ్వవు, వేసుకున్న పూట హాయిగా అనిపించదు, ఇంకో బిళ్ళ కావాలని నాలుక పీకదు. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పదిరోజులు వికారం, తలనొప్పి, కొందరికి ఆందోళన ఇంకాస్త పెరగడం కూడా ఉంటుంది. ఈ ముక్క ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది నాలుగో రోజున మానేసి, ఆల్ప్రజోలం దగ్గరికి వెళ్ళిపోతారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మలుపే. ఒక ఆర్నెల్ల ఓపికతో బాగుపడే మనిషి, అరగంటలో హాయినిచ్చే దానికి చిక్కుకుంటాడు.

అయినా వీటినీ అతిగా రాస్తున్నారు. కొద్దిపాటి డిప్రెషన్‌కి, అంటే పనులు చేసుకోగలుగుతూ, తింటూ, మనసు మాత్రం దిగులుగా ఉన్న దశలో, మొదటి చికిత్సగా మాత్రలు మామూలుగా ఇవ్వొద్దని, మనిషి తనంతట తాను కోరుకుంటే తప్ప మాటల చికిత్స లాంటివి ముందు చూడమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో రాసింది. మధ్యస్థం నుంచి తీవ్రమైన డిప్రెషన్, ప్యానిక్, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే ఓసీడీ, వీటిలో ఈ మందులకి నిజమైన విలువ ఉంది. అప్పుల బాధ, తాగి కొట్టే మొగుడు, పోయిన ఉద్యోగం, ఇవి బిళ్ళతో తీరవు. ఆ బాధ డిప్రెషన్‌గా ముదిరితే మందు మనిషిని నిలబెడుతుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. రెండింటికీ రెండు రకాల సాయం కావాలి.

ముందే తెలుసుకోవాల్సిన నష్టాలు కొన్ని. లైంగిక కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం మామూలే, మన దగ్గర ఎవరూ నోరు విప్పరు, సిగ్గుపడి చెప్పకుండా మందే మానేస్తారు. చెప్తే మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు, దారులున్నాయి. ఇరవై ఐదేళ్ళ లోపు పిల్లలకి మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని ఎఫ్‌డీఏ హెచ్చరిక ఉంది, 2004లో చిన్నపిల్లలకి పెట్టి 2007లో 24 ఏళ్ళ దాకా పెంచారు. మందు ఇవ్వకూడదని కాదు, మొదటి నెలంతా ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని.

పెద్దవాళ్ళలో ఇంకోటి ఉంది, దీన్ని కొంచెం ఆగి చదవండి. ఈ మాత్రలు రక్తంలో సోడియం తగ్గించగలవు. బీపీ బిళ్ళల్లో హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ కలిసినవి కూడా సోడియం తగ్గిస్తాయి. డెబ్భై ఏళ్ళ పెద్దావిడ ఎప్పటినుంచో టెల్మిసార్టాన్‌తో కలిపిన హైడ్రోక్లోరోథయజైడ్ వేసుకుంటోంది అనుకోండి, కొత్తగా ఎస్సిటాలోప్రాం మొదలుపెట్టారు. రెండు మూడు వారాలకి ఆవిడ నీరసపడి, ఉన్న చోటు మరిచిపోయి, సంబంధం లేని మాటలు మాట్లాడుతుంది. ఇంట్లోవాళ్ళు "మతిమరుపు జబ్బు వచ్చేసింది" అనుకుంటారు, ఎవరో ఒకరు దానికి ఇంకో మందు రాస్తారు. ఒక్క సోడియం పరీక్ష చేయిస్తే తేలిపోయే సంగతి. అందుకే ఏ కొత్త మందు రాయించుకున్నా, పాత చీటీలన్నీ, ముఖ్యంగా బీపీ చీటీ, డాక్టర్ బల్ల మీద పెట్టండి. రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు, మోకాళ్ళ నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడేవాళ్ళు కూడా చెప్పాలి, కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఎన్నాళ్ళు వాడాలి? మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే పూర్తిగా బాగయ్యాక కనీసం ఆరు నెలలు అన్నది మామూలు లెక్క. మాటిమాటికీ తిరగబెట్టేవాళ్ళకి ఇంకా ఎక్కువ. 2021లో ఇంగ్లాండ్‌లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి, ఏళ్ళ తరబడి వాడుతూ బాగానే ఉండి, ఆపుదామనుకున్నవాళ్ళ మీద చేశారు. ఏడాదిలో డిప్రెషన్ తిరగబెట్టినవాళ్ళు ఆపినవాళ్ళలో 56 శాతం, కొనసాగించినవాళ్ళలో 39 శాతం. ఈ లెక్కని నేను రెండు వైపులా చదువుతాను. ఆపితే ముప్పు పెరుగుతుంది, అది నిజం. ఆపినా ఆ ఏడాదంతా బాగానే ఉన్నవాళ్ళు 44 శాతం, అదీ నిజం. అందుకే జీవితాంతం తప్పదని ఎవరన్నా, నెలలో మానేయమని ఎవరన్నా నమ్మొద్దు.

రెండూ కలిపిన బిళ్ళ

దీని గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఎస్సిటాలోప్రాం 10 మిల్లీగ్రాములు, క్లోనజెపాం 0.5 మిల్లీగ్రాములు ఒకే బిళ్ళలో కలిపి వస్తుంది, చీటీల మీద తరచుగా కనిపిస్తుంది. మొదటి రెండు వారాలకి ఆ జోడీలో అర్థం ఉంది. ఆ తర్వాత ఒకదాన్ని ఆపి ఒకదాన్ని కొనసాగించాలి, కానీ ఒకే బిళ్ళలో ఉంటే అదెలా? సగం విరిస్తే రెండూ సగమవుతాయి. నెలలు నడవాల్సిన మందుతో పాటు వారాల్లో ఆగాల్సిన మందు కూడా నెలలు నడిచేస్తుంది. ఆర్నెల్ల తర్వాత "డిప్రెషన్ తగ్గిందిగా" అని ఒక్కసారిగా మానేస్తే క్లోనజెపాం దిగుడు మొత్తం మీద పడుతుంది. కాబట్టి రాసేటప్పుడే "రెండూ విడివిడి బిళ్ళలుగా రాయండి డాక్టర్ గారూ" అని అడగండి. ఈ మొత్తం రాతలో ఒక్క సలహానే తీసుకుంటానంటే ఇది తీసుకోండి.

నిద్రకని తక్కువ మోతాదులో క్వెటియాపిన్ రాయడం కూడా పెరిగింది. ఇది స్కిజోఫ్రెనియా, బైపోలార్‌లకి పుట్టిన మందు. బరువు పెంచుతుంది, షుగర్, కొలెస్ట్రాల్ పెంచుతుంది, అదే జాతి మందు ఓలాంజపిన్ అయితే ఇంకా ఎక్కువ. షుగర్ ఇంటింటికీ ఉన్న మన దగ్గర, మామూలు నిద్రలేమికి ఇది మొదటి ఎంపిక కాకూడదు. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళకి ఈ జాతి మందులిస్తే మరణాల ముప్పు పెరుగుతుందని 2005 నుంచే హెచ్చరిక ఉంది.

మూడో దారి: మందు లేని చికిత్స

"కౌన్సెలింగ్ అంటే కూర్చోబెట్టి ధైర్యం చెప్పడమేగా, అది మా బావ కూడా చెప్తాడు" అంటారు. నిద్రలేమికి చేసే మాటల చికిత్స అలా ఉండదు. దాన్ని సీబీటీ-ఐ అంటారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో దీర్ఘకాల నిద్రలేమికి మొదటి చికిత్స ఇదేనని, మాత్రలు ఆ తర్వాతేనని తేల్చి చెప్పింది. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది సిట్టింగులు.

ఎలా ఉంటుందో ఒక ముక్క చెప్తా. ముందు ఒకటి రెండు వారాలు నిద్ర డైరీ రాయిస్తారు. మీరు రాత్రి తొమ్మిదిన్నరకి పక్క ఎక్కి పొద్దున ఆరున్నరకి దిగుతారు, తొమ్మిది గంటలు పక్క మీదే ఉంటారు, నిద్రపోయేది ఐదున్నర గంటలే. అప్పుడు పక్క మీద ఉండే సమయాన్ని ఆ ఐదున్నర గంటలకే కుదిస్తారు, అంటే ఒంటిగంటకి పడుకుని ఆరున్నరకి లేవాలి, ముందు ఒళ్ళు వాల్చకూడదు, పగలు కునుకు తీయకూడదు. మొదటి వారం నరకంలా ఉంటుంది, దాచడం ఎందుకు. కానీ కొన్ని రోజులకి పక్క ఎక్కగానే నిద్ర ముంచుకొస్తుంది. పక్క మీద ఉన్న సమయంలో 85 శాతం దాటి నిద్రపోతుంటే పావుగంట చొప్పున పెంచుతూ పోతారు. పడుకుని ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్ళాలి, కళ్ళు మూతలు పడుతుంటేనే తిరిగి రావాలి. బైపోలార్, ఫిట్స్ ఉన్నవాళ్ళు, రాత్రిపూట బండి నడిపే డ్రైవర్లు దీన్ని సొంతంగా చేయొద్దు.

మాత్రతో పోలిస్తే ఇది నెమ్మది, కష్టం, మొదట్లో ఖర్చు కూడా. కానీ వదిలించుకోవాల్సింది ఏమీ ఉండదు, నేర్చుకున్నది మీ దగ్గరే ఉంటుంది. డిప్రెషన్ సంగతి చూస్తే గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక పరిశోధన చేశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానసిక వైద్యంలో డిగ్రీలేవీ లేని స్థానిక మనుషులకి శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు చేయించారు. మానేసిన పనులని చిన్నచిన్నగా మళ్ళీ రోజులోకి తెచ్చుకోవడం, అదే అందులో ముఖ్యమైన పని. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళ కంటే వీళ్ళు బాగా కోలుకున్నారు. మన దేశంలో, మన లాంటి ఆస్పత్రుల్లో తేలిన విషయం కాబట్టి ఇది నాకు చాలా విలువైనది.

చిక్కల్లా మనుషులు దొరకడమే. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో క్లినికల్ సైకాలజిస్టులు దొరుకుతారు, మండల కేంద్రాల్లో దొరకరు. వెళ్ళే ముందు రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్ళూ సైకాలజిస్టు కారు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో, విశాఖ చినవాల్తేరు ఆస్పత్రిలో ప్రభుత్వ వైద్యం ఉంది, "పిచ్చాసుపత్రికి వెళ్తే ఊళ్ళో ఏమనుకుంటారు" అన్న జంకుతో వెనకాడి, ఆ జంకు వల్లే మెడికల్ షాపు నిద్రమాత్ర మీద బతికేవాళ్ళు ఎంతోమంది. ఎక్కడికీ వెళ్ళలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇది, 2022 అక్టోబర్‌లో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం ఉండవు.

అన్నిటికంటే ముందు కొన్ని పరీక్షలు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్. దడ, నీరసం, దిగులు వీటివల్ల కూడా వస్తాయి. గురక ఎక్కువుంటే నిద్ర పరీక్ష. సాయంత్రం ఐదు తర్వాత టీ కాఫీలు ఎన్ని తాగుతున్నారో కూడా చూసుకోండి.

మరి ఏది ఎంచుకోవాలి?

నెలలోపు సమస్య, కారణం కళ్ళముందే కనిపిస్తోంది, పనులు సాగుతున్నాయి అంటే పరీక్షలు చేయించుకుని, 14416తో మాట్లాడి, రెండు మూడు వారాలు చూడండి. మూడు నెలలు దాటిన నిద్రలేమి, దిగులేమీ లేదు అంటే సీబీటీ-ఐ, దొరక్కపోతే కనీసం నిద్ర డైరీతో మొదలుపెట్టండి. ఉన్నట్టుండి దడ, చచ్చిపోతానేమో అన్న భయం, ఈసీజీ మాత్రం బాగానే ఉందంటారు, అది ప్యానిక్ కావచ్చు, మాటల చికిత్సో డిప్రెషన్ జాతి మాత్రో రెండూనో, ఆల్ప్రజోలం ఒక్కటే కాదు. రెండు వారాలకి పైగా తిండి, నిద్ర, పని, నలుగురితో మాట అన్నీ పోయాయంటే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి, మందు కావాలి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆ రోజే, ఆ పూటే.

ఎవరి దగ్గరికి అన్నది కూడా ఎంపికే. మన వాళ్ళు ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత "నరాల డాక్టర్" దగ్గరికి, ఆఖర్న సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తారు. నరాల డాక్టర్ చూసేది పక్షవాతం, ఫిట్స్ లాంటివి, దిగులుకి ఆయన దగ్గర మీకు ఐదు నిమిషాలే దొరుకుతాయి. ఎవరి దగ్గరైనా సరే, మందు పేరేంటి, దేనికి, ఎన్నాళ్ళకి, ఎలా ఆపుతారు అని అడగండి. ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్పని చోట ఆ మందు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇప్పటికే ఏళ్ళ తరబడి వేసుకుంటుంటే

ఈ రోజు చదివి రేపే మానేయకండి. నిద్ర మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణాల మీదకి కూడా రావచ్చు. పద్ధతి ఏంటంటే, డాక్టర్ చూస్తుండగా రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి, అప్పటి మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గించుకుంటూ రావడం. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సలహా కూడా ఇదే. ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే డాక్టర్ 1982 నుంచి పన్నెండేళ్ళు కేవలం ఈ బిళ్ళలు మాన్పించడానికే క్లినిక్ నడిపారు. తొందరగా దిగే బిళ్ళని నెమ్మదిగా దిగే డయాజిపాంలోకి మార్చి, ఆ తర్వాత తగ్గించడం ఆవిడ పద్ధతి. ఆవిడ లెక్కలో అర మిల్లీగ్రాము ఆల్ప్రజోలం అంటే సుమారు 10 మిల్లీగ్రాముల డయాజిపాం. ఆ లెక్క చూస్తే "చిన్న బిళ్ళేగా, సున్నా పాయింట్ ఐదేగా" అన్న ధీమా ఎంత తప్పో అర్థమవుతుంది. ఈ మార్పిడి మాత్రం ఇంట్లో సొంతంగా చేసేది కాదు.

డిప్రెషన్ మాత్రలు కూడా మెల్లగానే, చివరి కొంచెం దగ్గర ఇంకా మెల్లగా. పారోక్సెటిన్ మానడం కష్టం, ఫ్లూఓక్సెటిన్ ఒంట్లో వారాల తరబడి ఉంటుంది కాబట్టి కాస్త సులువు. తగ్గించిన రెండు మూడు రోజుల్లోనే తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, తల తిరగడం, పిచ్చి కలలు వస్తే అది చాలావరకు మందు దిగుడు, పాత మోతాదుకి వెళ్తే త్వరగా సర్దుకుంటుంది. వారాలు గడిచాక మెల్లమెల్లగా దిగులు, ఆసక్తి లేకపోవడం కమ్ముకుంటే అది జబ్బు తిరగబెట్టడం కావచ్చు. ఈ తేడా పట్టుకోవడానికి, తగ్గించిన తేదీలూ ఆ రోజు ఎలా ఉందన్నదీ ఒక నోటుబుక్‌లో రాసుకుని డాక్టర్‌కి చూపించండి.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకీ, గల్ఫ్ వెళ్ళే తమ్ముళ్ళకీ ఇంకో మాట. ఎటిజోలంకి అమెరికాలో అనుమతే లేదు, 2023లో దాన్ని అక్కడ అన్నిటికంటే కఠినమైన నియంత్రణ జాబితాలో చేర్చారు, బ్యాగులో ఆర్నెల్ల స్టాక్ పెట్టుకుని దిగితే చిక్కులే. యూఏఈలో ఆల్ప్రజోలం, క్లోనజెపాం లాంటివి నియంత్రిత మందులు, ప్రయాణానికి ముందే అక్కడి ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి, డాక్టర్ చీటీ కూడా వెంట ఉండాలి. భయపడి టికెట్ తేదీకి నాలుగు రోజుల ముందు మందు ఆపేయడం ఇంకా ప్రమాదం, ఫ్లైట్‌లోనే ఫిట్స్ రావచ్చు. ప్రయాణం ఖాయమవగానే, కనీసం రెండు మూడు నెలల ముందే, రాసిన డాక్టర్‌ని కలిసి తగ్గించుకోవాలా, వేరే మందుకి మారాలా, అనుమతితో తీసుకెళ్ళాలా అన్నది మాట్లాడుకోండి.